ఎవరి మానం కాపాడింది ఆ యుద్ధం?

ఈమధ్య యుద్ధాల గురించి మన సంఘాల కార్యకర్తలు కూర్చుని మాట్లాడుకున్న ఒక సమావేశంలో ఒక మిత్రురాలు లేచి ఇలా అడిగింది: "2003లో ఇరాక్ మీద చేసిన యుద్ధం అబద్ధాల మీద నడిచింది, ఒప్పుకుంటాను. 1991 నాటి గల్ఫ్ యుద్ధం అలాంటిది కాదు కదా! ఒక చిన్న దేశాన్ని పక్కదేశం మింగేసింది. ఐక్యరాజ్య సమితి అనుమతి ఇచ్చింది. ముప్ఫైకి పైగా దేశాలు కలిసి ఆక్రమించినవాణ్ణి వెళ్ళగొట్టి, సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. ఇందులో తప్పేముంది? దీన్ని కూడా కాదంటే, పక్కింట్లో ఆడమనిషి మీద అత్యాచారం జరుగుతుంటే తలుపులు వేసుకుని కూర్చోమన్నట్టు కాదా?"

గదిలో సగంమంది తలలూపారు. నేను అప్పుడేదో పొడిపొడిగా చెప్పాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తినప్పటి నుంచీ "1991లో చేసినట్టు చెయ్యాలి" అన్న మాట తరచుగా వినబడుతోంది. యుద్ధాల జాబితాలో అదొక్కటి "మంచి యుద్ధం"గా మిగిలిపోయింది. కాబట్టి ఆ మిత్రురాలికి నేను బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఆమె వాడిన పోలిక గురించి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సేనలు కువైట్‌లోకి చొరబడటం నేరం. అందులో నాకెలాంటి సందేహమూ లేదు. ఏడు నెలల ఆక్రమణలో కువైట్ ప్రజల్ని చిత్రహింసలు పెట్టారు, చంపారు, ఎత్తుకుపోయారు. ఆరు వందలమందికి పైగా జాడ లేకుండా పోయారు. ఇరాకీ సైనికులు కువైటీ స్త్రీల మీద, అక్కడ ఇంటిపనికి వెళ్ళిన ఆసియా దేశాల స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. అమెరికాని ఎదిరించాడు కాబట్టి సద్దాం సామ్రాజ్యవాద వ్యతిరేకి అని ఆ రోజుల్లో చప్పట్లు కొట్టినవాళ్ళు మన ప్రగతిశీల శిబిరంలోనే ఉన్నారు. వాళ్ళతో నాకు పొత్తు కుదరదు. 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో వేలాది కుర్దు ప్రజల్ని చంపినవాడు ఎవరికీ విమోచకుడు కాలేడు.

కానీ హలబ్జా జరిగినప్పుడు ఈ అగ్రరాజ్యాలు ఏం చేశాయి? ఇరాన్ మీద యుద్ధం చేస్తున్నాడు కాబట్టి సద్దాంని వెనకేసుకొచ్చాయి. రెండేళ్ళ తర్వాత అతను చమురు బావుల మీద చెయ్యి వేసినప్పుడే వాళ్ళకి హలబ్జా గుర్తొచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ సరిపోదు. ఇక్కడ దొంగకి నిచ్చెన పట్టుకున్నవాళ్ళే తర్వాత కేకలు పెట్టారు.

'మానం' పోయింది ఎవరికి?

ఇక ఆ పోలిక సంగతి. కువైట్‌ని ఇరాక్ "రేప్" చేసిందన్న మాట ఆనాడు అమెరికా పత్రికల్లో, ఉపన్యాసాల్లో మోగిపోయింది. బాంబు దాడులు మొదలైన రాత్రి జార్జి బుష్ దేశాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగంలో కూడా ఆ మాట ఉంది. దేశాన్ని ఆడదానిగా, ఆక్రమణని ఆమె మానభంగంగా, తనని ఆమెని కాపాడే మగవాడిగా చూపించుకున్నాడు.

'మానభంగం' అన్న మాట వద్దని మన ఉద్యమం ఎన్నేళ్ళు పోట్లాడిందో పాఠకులకి చెప్పనక్కర్లేదు. నేరం చేసింది వాడైతే, మానం పోయేది ఆమెకా అని అడిగాం. ఆమె మానం కుటుంబానిది, కులానిది, ఊరిది అయిపోతుంది. ఇక ఆమెకేం కావాలో అడిగేవాళ్ళుండరు. పెద్దమనుషులు కూర్చుని తమ పరువుకి తగిన పరిహారం మాట్లాడుకుంటారు. 1990లో జరిగింది ఇదే, కాకపోతే అంతర్జాతీయ స్థాయిలో. దేశానికి మానం ఉందన్నారు, అది పోయిందన్నారు, దాని కోసం పంచాయితీ పెట్టారు. నిజంగా అత్యాచారానికి గురైన స్త్రీలు ఆ పంచాయితీలో ఎక్కడా కనబడరు. వాళ్ళ కథ మాత్రం వాడుకున్నారు.

ఎలా వాడుకున్నారో చూడండి. 1990 అక్టోబరు 10న అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవహక్కుల బృందం ముందు నయీరా అనే 15 ఏళ్ళ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్ ఆస్పత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డల్ని తీసి చల్లటి నేలమీద వదిలేయగా చూశానంది. ఆ కథని బుష్ పదేపదే చెప్పాడు. యుద్ధానికి అనుకూలంగా మాట్లాడిన సెనేటర్లు చెప్పారు. 1991 జనవరి 12న సెనేట్‌లో యుద్ధతీర్మానం 52-47 ఓట్లతో, అంటే అయిదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. యుద్ధం ముగిసి ఏడాది కావస్తుండగా, 1992 జనవరిలో అసలు సంగతి బయటికొచ్చింది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. సాక్ష్యాన్ని ఏర్పాటు చేసింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ. దానికి కువైట్ ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఒక 'పౌరుల కమిటీ' కోటి డాలర్లకి పైగా చెల్లించింది. ఇంక్యుబేటర్ల కథకి ఆధారం దొరకలేదు.

ఆ అబద్ధం చేసిన కీడు యుద్ధానికి ఓట్లు తేవడంతో ఆగలేదు. ఆ ఏడు నెలల్లో కువైట్‌లో నిజంగా అత్యాచారానికి గురైన స్త్రీలున్నారు. వాళ్ళ మాట కూడా ఆ అబద్ధంతో పాటు అనుమానంలో పడింది. బాధితురాలి సాక్ష్యాన్ని నిలబెట్టడానికి పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో మనం పడే పాట్లు మనకి తెలుసు. మన సాక్ష్యాలని యుద్ధానికి ముడిసరుకుగా వాడుకుంటే చివరికి నష్టపోయేది మనమే.

బాంబులు పడ్డది ఎవరి మీద?

1991 జనవరి 17న మొదలైన వైమానిక దాడులు అయిదు వారాలకి పైగా సాగాయి. ఫిబ్రవరి 24 నుంచి 28 దాకా నాలుగు రోజులు నేలమీద యుద్ధం. గురి తప్పని బాంబులని టీవీలో పదేపదే చూపించారు. కిటికీలోంచి దూరి లక్ష్యాన్ని మాత్రమే కొడుతుందన్నారు. వేసిన దాదాపు 88 వేల టన్నుల బాంబుల్లో అలాంటివి పదో వంతు కూడా లేవు. మిగిలినవన్నీ పాతరకం బాంబులే.

పోనీ, గురి తప్పని బాంబు ఏం చేసింది? ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాద్‌లోని అమిరియా ఆశ్రయం మీద అలాంటివి రెండు వేశారు. మొదటిది కప్పుకి కన్నం చేసింది, రెండోది ఆ కన్నంలోంచి లోపలికి వెళ్ళి పేలింది. నాలుగు వందలమందికి పైగా సజీవంగా కాలిపోయారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. రాత్రుళ్ళు బాంబుల భయానికి పిల్లల్ని తీసుకుని అక్కడ పడుకునేవాళ్ళు. అది సైనిక కేంద్రమనుకున్నామని అమెరికా చెప్పింది. గురి తప్పలేదు. గురి పెట్టిన చోటే తల్లులూ పిల్లలూ ఉన్నారు.

అమిరియా ఒక్క రాత్రిలో అయిపోయింది. కరెంటు సంగతి పన్నెండేళ్ళు సాగింది. కువైట్‌ని ఖాళీ చేయించడమే లక్ష్యమైతే ఇరాక్ విద్యుత్ కేంద్రాలని ఎందుకు కూల్చాలి? కరెంటు లేకపోతే నీళ్ళ పంపులు నడవవు, నీటిశుద్ధి ఉండదు, మురుగు నదిలోకి వస్తుంది. 1991 మార్చిలో వెళ్ళివచ్చిన ఐక్యరాజ్య సమితి ప్రతినిధి మార్టి అహ్తిసారి, బాగా పట్టణీకరణ జరిగిన ఒక సమాజాన్ని యంత్రాలు రాకముందటి కాలానికి నెట్టేశారని నివేదించాడు. నీళ్ళు ఆగిపోతే ఏ ఇంట్లో ఎవరి నడుము విరుగుతుందో మనకి ఒకరు చెప్పాలా? బిడ్డకి విరేచనాలైతే రాత్రంతా కూర్చునేది ఎవరు?

1990 ఆగస్టు 6న మొదలైన ఆర్థిక ఆంక్షలు కువైట్ విడుదలైన తర్వాత కూడా ఆగలేదు. 2003 దాకా కొనసాగాయి. నీళ్ళు శుద్ధి చేసే క్లోరిన్‌ని కూడా ఆయుధాలకి వాడొచ్చన్న అనుమానంతో అడ్డుకున్నారు. ఎనిమిదేళ్ళ ఇరాన్ యుద్ధంలో భర్తల్నీ కొడుకుల్నీ పోగొట్టుకుని, ఉద్యోగాలతో ఇళ్ళు నడుపుకొస్తున్న ఇరాకీ స్త్రీలకి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. దినార్ విలువ పడిపోయి టీచరు జీతం తిండికి చాలకుండా పోయింది. చదువుకున్న స్త్రీలు ఉద్యోగాలు మానేశారు, ఆడపిల్లలు బడి మానేశారు. సద్దాం ఏం చేశాడు? 1993 నుంచి మతవిశ్వాస ప్రచారమంటూ మొదలుపెట్టి స్త్రీల మీద కట్టుబాట్లు బిగించాడు. బయటి ఆంక్షలు రాజ్యాన్ని బలహీనపరచలేదు. రేషన్ కార్డు చేతిలో ఉన్న రాజ్యం ఇంకా బలపడింది.

ఇక్కడ మన వైపు జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఆంక్షల వల్ల అయిదు లక్షలమంది పిల్లలు చనిపోయారని మనం చాలాకాలం కరపత్రాల్లో రాశాం, సభల్లో చెప్పాం. ఆ లెక్కకి మూలమైన సర్వేలో ఇరాక్ ప్రభుత్వం చెయ్యి పెట్టిందనీ, తర్వాత జరిగిన సర్వేల్లో అంత మరణాలు కనబడలేదనీ 2017లో పరిశోధకులు చూపించారు. ఇంక్యుబేటర్ల అబద్ధాన్ని విమర్శించే మనం ఈ అంకెని పట్టుకుని వేలాడకూడదు. కానీ ఒక్క సంగతి మాత్రం మారదు. 1996లో ఆ అయిదు లక్షల అంకెనే ముందుపెట్టి టీవీలో అడిగినప్పుడు అమెరికా రాయబారి మెడలీన్ ఆల్‌బ్రైట్ అది నిజం కాదనలేదు. ఆ మూల్యం చెల్లించదగినదేనని జవాబిచ్చింది. అలా అన్నందుకు తర్వాత విచారం వ్యక్తం చేసింది, నిజమే. అయినా, ఒక స్త్రీ పెద్ద పదవిలో కూర్చుంటే రాజ్యం స్వభావం మారుతుందనుకునేవాళ్ళు ఆ జవాబుని గుర్తుంచుకోవాలి.

చమురు బావికి ఎంత, స్త్రీకి ఎంత?

యుద్ధం అయ్యాక ఐక్యరాజ్య సమితి ఒక పరిహారాల కమిషన్‌ని పెట్టింది. ఇరాక్ చమురు ఆదాయంలోంచి కోసి, ఆక్రమణ వల్ల నష్టపోయినవాళ్ళకి ఇవ్వడం దాని పని. లైంగిక దాడిని తీవ్రమైన శారీరక, మానసిక గాయంగా గుర్తించడం అంతవరకు మంచి విషయమే. దానికి నిర్ణయించిన స్థిరమొత్తం 2,500 డాలర్లు. ఇంకా ఎక్కువ నష్టం నిరూపించుకోగలిగితే వేరే వర్గం కింద అడగొచ్చు. కువైట్‌నో ఇరాక్‌నో వదిలి వచ్చేసినందుకు ఇచ్చిన స్థిరమొత్తం మనిషికి 2,500, వేరే దేనికీ దరఖాస్తు పెట్టనంటే 4,000 డాలర్లు. ఇక తగలబడ్డ చమురు బావులకి, పోయిన ఉత్పత్తికి కువైట్ పెట్రోలియం కార్పొరేషన్‌కి ఇచ్చింది 1,470 కోట్ల డాలర్లు.

ఈ డబ్బు ఎక్కడిది? ఆంక్షల్లో ఉన్న ఇరాక్‌కి 1996 చివర్లో 'ఆహారానికి చమురు' పథకం కింద చమురు అమ్ముకోనిచ్చారు. ఆ ఆదాయంలో 30 శాతం ముందే ఈ పరిహారాల నిధికి పోయేది. అంటే ఇరాకీ తల్లుల పళ్ళెంలోంచి తీసి చమురు కంపెనీకి వడ్డించారు. 2022 నాటికి ఇరాక్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు కట్టి ఆ బాకీ తీర్చింది. బాంబులు వేసిన దేశాల నుంచి అమిరియాలో కాలిపోయినవాళ్ళకి పరిహారం ఇప్పించే కమిషన్ మాత్రం ఏదీ లేదు.

ఎవరికి విడుదల?

కువైట్ స్త్రీలు ఆక్రమణని ఎదిరించారు. మొదటి వారాల్లోనే వీధుల్లోకి వచ్చి ఊరేగింపులు చేశారు. బురఖాల కింద ఆయుధాలు, మందులు చేరవేశారు. అస్రార్ అల్ ఖబంది వంటివాళ్ళు ప్రతిఘటనలో పనిచేసి, 1991 జనవరిలో ఇరాకీ సేనల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధం అయ్యాక 1992లో ఎన్నికలు పెట్టారు. స్త్రీలకి ఓటు లేదు! ఓటు హక్కు వచ్చింది 2005 మేలో, విడుదలైన పద్నాలుగేళ్ళకి. అదీ సంకీర్ణ సేనల దయ వల్ల కాదు, కువైటీ స్త్రీల సొంత పోరాటం వల్ల. 2024 మేలో అమీర్ పార్లమెంటునే రద్దుచేసి, నాలుగేళ్ళ వరకు దాన్ని నిలిపివేసే అధికారం తీసుకున్నాడు. ఆ యుద్ధం కాపాడింది ప్రజాస్వామ్యాన్ని కాదు. 1986లో పార్లమెంటుని రద్దుచేసిన రాజకుటుంబం గద్దెని.

పక్కనే సౌదీ అరేబియా. సంకీర్ణ సేనలకి స్థావరం అదే. అమెరికన్ స్త్రీ సైనికులు అక్కడి రోడ్ల మీద వాహనాలు నడుపుతుండగా, 1990 నవంబరు 6న రియాద్‌లో 47మంది సౌదీ స్త్రీలు తామూ కార్లు నడిపి నిరసన తెలిపారు. వాళ్ళ పాస్‌పోర్టులు లాక్కున్నారు, ఉద్యోగాల నుంచి తొలగించారు. అప్పటిదాకా ఆచారంగా ఉన్న నిషేధాన్ని అధికారికం చేశారు. స్వేచ్ఛ కోసం వచ్చామన్న సేనలు నోరెత్తలేదు. ఆ నిషేధం పోవడానికి 2018 దాకా పట్టింది.

ఆ యుద్ధానికి అమెరికా దాదాపు 40 వేలమంది స్త్రీలని పంపింది. అది సమానత్వమని సంతోషించిన స్త్రీవాదులున్నారు. అదే 1991 సెప్టెంబరులో లాస్‌వేగాస్‌లో నౌకాదళ వైమానికుల సమ్మేళనం జరిగింది. గల్ఫ్ విజయం గురించి చెప్పుకోవడానికి చేరిన ఆ సైనికులు హోటల్ వరండాలో 83మంది స్త్రీల మీద, ఏడుగురు పురుషుల మీద లైంగిక దాడులు చేశారు. బాధితుల్లో వాళ్ళ తోటి అధికారిణులూ ఉన్నారు.

ఇక కువైట్‌లో పౌరుల కంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న పరాయివాళ్ళ సంగతి. అక్కడ దాదాపు నాలుగు లక్షలమంది పాలస్తీనీయులు ఉండేవాళ్ళు. వాళ్ళ నాయకత్వం సద్దాం వైపు మొగ్గిందన్న కోపంతో యుద్ధం తర్వాత దాదాపు అందర్నీ వెళ్ళగొట్టారు. మన దేశం వాళ్ళు లక్షా డెబ్భై వేలమందిని 1990లో అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చామని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. తెచ్చాక వాళ్ళకేమైందో చెప్పుకోం. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు ఆ విమానాల్లో ఉన్నారు.

పరిశోధన కోసం తిరుగుతున్న రోజుల్లో రాజంపేట వైపు ఒక పల్లెలో అలాంటి ఒకామెతో మాట్లాడాను. 1990 ఆగస్టులో ఆమె పనిచేసే ఇంటివాళ్ళు సెలవులకి వేరే దేశం వెళ్ళారు. ఇంటికి కాపలాగా ఆమె ఒక్కతే ఉంది. సైనికులు వీధిలోకి వచ్చాక మూడు రోజులు వంటగదిలో దాక్కుంది. తోటి తెలుగువాళ్ళతో కలిసి బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి, అమ్మాన్‌లో విమానమెక్కి బొంబాయిలో దిగి, మద్రాసు రైల్లో ఊరు చేరింది. చేతిలో ఒక్క దినార్ లేదు. అప్పు మాత్రం అలాగే ఉంది. అందుకే 1992లో మళ్ళీ కువైట్ వెళ్ళింది. దిగిన రోజే యజమాని పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టాడు. ఎనిమిది నెలలు జీతం లేదు, బయటికి పోనివ్వలేదు. ఆమె నాతో అన్న మాట ఇది: "కువైట్‌ను విడిపిచ్చినారంట గదా మేడమ్. నా పాస్‌పోర్టును మాత్రం ఎవరూ విడిపిచ్చలే."

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. విడుదలైన తర్వాత ఏడాదిన్నర లోపలే దాదాపు రెండు వేలమంది ఇంటిపని స్త్రీలు యజమానుల హింస భరించలేక తమ తమ రాయబార కార్యాలయాలకి పారిపోయారని మిడిల్ ఈస్ట్ వాచ్ 1992లో రాసింది. వాళ్ళు శ్రీలంక, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, భారతదేశం స్త్రీలు. ఇరాకీ సైనికుడు చేస్తే అది యుద్ధానికి కారణం. కువైటీ యజమాని చేస్తే అది ఇంటి వ్యవహారం. ఇంటిపని వాళ్ళకి కువైట్‌లో ప్రత్యేక చట్టం 2015లో గాని రాలేదు.

మరైతే ఏం చెయ్యాలి?

"ఇవన్నీ సరే, కువైట్‌ని వదిలెయ్యమంటావా?" అని ఆ మిత్రురాలు తప్పక అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. ఆక్రమణలో నలిగిన కువైటీ స్త్రీలు చాలామంది ఆ సేనలు రావాలని కోరుకున్నారు, వచ్చినప్పుడు ఆనందంతో ఏడ్చారు. వాళ్ళు పొరబడ్డారని హైదరాబాదులో కూర్చుని చెప్పే హక్కు నాకు లేదు. యుద్ధం లేకుండా ఇరాక్ తప్పక వెనక్కి తగ్గేదని ప్రమాణం చేసి చెప్పనూ లేను.

కానీ ఆమె విడుదల కోరుకోవడం వేరు. ఆ కోరికని అడ్డంపెట్టుకుని బాగ్దాద్‌లో నీళ్ళు ఆపడం, విడుదలైన తర్వాత పన్నెండేళ్ళు ఆంక్షలు నడపడం వేరు. ఇవి కువైటీ స్త్రీ అడిగినవి కావు. ఆమె పేరు మీద చేసినవి. "సరిహద్దు దగ్గర ఆగిపోయారు" అన్న పొగడ్తని కూడా విప్పి చూడాలి. 1991 ఫిబ్రవరి 15న ఇరాక్ ప్రజలు సద్దాం మీద తిరగబడాలని బుష్ పిలుపిచ్చాడు. మార్చిలో దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడ్డారు. కాల్పుల విరమణ చర్చల్లో హెలికాప్టర్లు నడుపుకోవడానికి ఇరాక్‌కి అనుమతిచ్చిన సేనలు, ఆ హెలికాప్టర్లతో తిరుగుబాటుని నెత్తుటిలో ముంచుతుంటే చూస్తూ నిలబడ్డాయి. పది లక్షలమందికి పైగా కుర్దులు పిల్లల్ని ఎత్తుకుని చలిలో కొండలెక్కారు. పక్కింటి అత్యాచారం చూసి ఊరుకోలేకపోయారన్న వాళ్ళు చేసిన పని ఇది.

కాబట్టి "యుద్ధం కావాలా, వద్దా" అని వాళ్ళు మన ముందు పెట్టే ప్రశ్నకి వెంటనే తలూపనక్కర్లేదు. రేపు మరో యుద్ధం మన పేరు చెప్పుకుని వస్తుంది. 2001లో ఆఫ్ఘనిస్తాన్ స్త్రీల పేరు చెప్పుకుని ఒకటి వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2021లో, వాళ్ళని తాలిబాన్ చేతికే వదిలేసి వెళ్ళిపోయారు. అలాంటప్పుడు మన సంఘాలు అడగవలసినవి ఇవి: ఆ సాక్ష్యం చెబుతున్నది ఎవరు, చెప్పిస్తున్నది ఎవరు? బాంబు పడే చోట నీళ్ళు, కరెంటు, ఆస్పత్రి ఉంటాయా? యుద్ధం అయ్యాక ఎవరు గద్దె మీద కూర్చుంటారు, ఆ దేశంలో ఓటు లేని వాళ్ళు, పౌరసత్వం లేని వాళ్ళు, పాస్‌పోర్టు చేతిలో లేని వాళ్ళు ఏమవుతారు? పరిహారాల జాబితాలో చమురు బావికి ఎంత, మనిషికి ఎంత?

ఆక్రమణనీ ఖండిద్దాం, ఆ పేరుతో సాగే వినాశనాన్నీ ఖండిద్దాం. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలన్న ఒత్తిడికి లొంగవద్దు. ఇక ఆ పోలిక మళ్ళీ మన సమావేశాల్లో వినబడితే అడ్డుకుందాం. దేశం ఆడది కాదు, దానికి మానం లేదు. అందులో బతికే స్త్రీలకి శరీరాలున్నాయి, పిల్లలున్నారు, అప్పులున్నాయి, యజమాని బీరువాలో ఉండిపోయిన పాస్‌పోర్టులున్నాయి. మన లెక్క అక్కడి నుంచి మొదలుపెడదాం.